పాత పందెం కారుకు లోపలి రంగు: ఎంచుకోవడానికి ముందు వెతకాలి

గోడాదరా (సూరత్): సూరత్ నగరంలోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. వస్త్ర పరిశ్రమలో పనిచేసేవారికి ఒక సంగతి అనుభవమే. ట్యూబ్‌లైటు వెలుగులో ఒకే ఛాయగా కనిపించిన రెండు గుడ్డముక్కలు ఎండలోకి తేగానే వేర్వేరుగా తేలుతాయి. దశాబ్దాల నాటి పందెం కారును పునరుద్ధరించేవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. అయితే అక్కడ ఛాయ తప్పితే ఆ వాహన చరిత్రకు మిగిలిన ఆనవాలు చెరిగిపోతుంది. పూత తప్పితే డ్రైవర్ ప్రాణానికే ముప్పు ఏర్పడుతుంది.

పాత కార్ల సంరక్షణలో గుజరాత్‌కు ప్రత్యేక స్థానం ఉంది. గోండల్ రాజవంశీకుల వాహనశాల, అహ్మదాబాద్ సమీపంలోని ఆటో వరల్డ్ ప్రదర్శనశాల ఇందుకు నిదర్శనాలు. 2023 జనవరిలో వడోదరలోని లక్ష్మీ విలాస్ ప్యాలెస్‌లో జాతీయ స్థాయి పాత కార్ల ప్రదర్శన, పోటీ జరిగాయి. ఇటువంటి పోటీల్లో న్యాయనిర్ణేతలు తళుకు కన్నా మూలరూపానికి ఎక్కువ విలువ ఇస్తారు.

బయట దేశం రంగు, లోపల లోహం రంగు

తొలినాటి అంతర్జాతీయ పందేల్లో కారు బాహ్య వర్ణం దేశాన్ని సూచించేది. బ్రిటన్‌కు ఆకుపచ్చ, ఫ్రాన్స్‌కు నీలం, ఇటలీకి ఎరుపు గుర్తులయ్యాయి. డ్రైవర్ కూర్చునే భాగానికి అటువంటి సంప్రదాయం లేదు. పూత కూడా బరువే కనుక చాలా కార్లలో అల్యూమినియం రేకును రంగు వేయకుండానే వదిలేశారు. మరికొన్నింటికి బూడిద, నలుపు వంటి సాదా రంగులు పలుచగా వేశారు. అందువల్ల పునరుద్ధరణలో మొదటి ప్రశ్న ఏ రంగు బాగుంటుందన్నది కాదు, అసలు రంగు ఉండేదా అన్నది.

సమాధానం కారులోనే దొరుకుతుంది. డ్యాష్‌బోర్డు వెనుక, సీటు బిగింపుల కింద, మీటర్ల అంచుల చాటున ఎండ తగలని చోట్ల మొదటి పూత నిలిచి ఉంటుంది. అటువంటి చోట నాణెమంత మేర తడి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దితే, ఒక్కొక్క కాలంలో వేసిన పూత ఒక్కొక్క వలయంగా బయటపడుతుంది. లోహానికి, ప్రైమర్‌కు ఆనుకుని ఉన్న వలయమే తొలి రంగు. దానిని పరికరంతో కొలిచి నమూనా పలక తయారుచేసిన తరువాత పగటి వెలుగులోనూ, దీపం వెలుగులోనూ పోల్చి చూడాలి. పనికి ముందు ఫొటోలు తీసి, ఒక చిన్న భాగాన్ని పాత పూతతోనే భద్రపరచడం మంచిది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా కనీస జోక్యం, పూర్తి నమోదు అనే సూత్రాలనే చెబుతోంది.

పగులును దాచని పూత

పందెం కారు చట్రంలో ఉక్కు గొట్టాల అతుకులు నిరంతరం కుదుపులకు లోనవుతాయి. కాలక్రమంలో వెంట్రుక వంటి పగుళ్లు ఏర్పడవచ్చు. లేత బూడిద రంగు పలుచని పూత ఉంటే ఆ పగులు నల్లని గీతగానో, తుప్పు చారగానో కంటపడుతుంది. మందంగా, సాగే గుణంతో ఉండే పౌడర్ కోటింగ్ చూపుకు బాగున్నా, దాని కింద లోహం చిట్లినా పైకి తెలియకపోవచ్చు. కనుక రంగు వేయడానికి ముందే అతుకులను పగుళ్ల పరీక్షకు పంపాలి. అల్యూమినియం రేకుపై సాధారణ ప్రైమర్ సరిగా పట్టదు. ఆ లోహానికి తగిన ఎచ్ ప్రైమర్ అవసరం.

మెరుపు మరో ప్రమాదం. డ్యాష్‌బోర్డు పైభాగం నిగనిగలాడితే మధ్యాహ్నపు ఎండ ముందు అద్దంలో ప్రతిఫలించి, మలుపు వద్ద చూపును కమ్మేస్తుంది. డ్రైవర్ కంటికి ఎదురుగా ఉండే భాగాలకు మెరుపులేని పూత మేలు. ఇంజిన్‌కు, డ్రైవర్‌కు మధ్య ఉండే లోహపు తెరకు వేడిని తట్టుకునే రంగే వేయాలి.

తేమతో జాగ్రత్త

ఏ కాలపు కారుకు ఆ కాలపు పూత అన్నది ఆదర్శం. 1920ల్లో వచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్, వారాల తరబడి సాగే ఆరుదలను గంటలకు కుదించింది. అయితే సూరత్ వంటి తీరప్రాంత నగరంలో వర్షాకాలంలో దీనిని పిచికారీ చేస్తే, ద్రావకం ఆవిరయ్యే వేగానికి ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దానిపై చేరుతుంది. పూత పాలిపోయి తెల్లబారుతుంది. నేటి రెండు భాగాల పాలీయురేథేన్ మన్నికైనదే కానీ, దాని గట్టిపరిచే రసాయనం తేమతో కలిస్తే బుడగలు వస్తాయి. ఏ పూతకైనా పొడి వాతావరణమే అనుకూలం.

పనివాడి ఊపిరి

కారు లోపలి భాగం ఇరుకైనది. అక్కడ పాత పూతను పొడిగా గీకితే సీసం, క్రోమేట్లు కలిసిన ధూళి నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేస్తూ 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఇళ్ల, అలంకరణ రంగులకే పరిమితం. అంతకు ఎంతో ముందు కార్లకు వేసిన పూతలకు ఆ రక్షణ వర్తించదు. అందుకే తడిపి రుద్దడం, ఆ ముద్దను విడిగా సేకరించడం తప్పనిసరి. రెండు భాగాల రంగుల్లోని ఐసోసయనేట్లు ఉబ్బసానికి దారితీస్తాయి. ముఖానికి కట్టుకునే గుడ్డ వాటిని ఆపలేదు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే ముసుగు కావాలి.

పాత పందెం కారు లోపలి రంగు యజమాని అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అది ఆ వాహనం గతాన్ని చెప్పాలి, చట్రంలోని లోపాన్ని చూపాలి, డ్రైవర్ చూపుకు అడ్డు రాకూడదు, వేసినవాడి ఆరోగ్యాన్ని హరించకూడదు. ఈ నాలుగూ తేలిన తరువాతే షేడ్ కార్డు తెరవడం ఉచితం.