యుద్ధ వార్తలు, యార్డు ధరలు: అపోహలు – వాస్తవాలు

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి చొరబడేనాటికి గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట టిక్కీలు (మిర్చి బస్తాలు) చేరుతున్నాయి. ప్రత్తిపాడు పరిసరాల నల్లరేగడి చేలలో పత్తి తీతలు ముగింపుకు వచ్చాయి. మొదటి పేజీలో యుద్ధమూ, జిల్లా పేజీలో పెరిగిన పంట ధరలూ రోజూ పక్కపక్కనే కనిపించడంతో వాటి మధ్య లేని బంధుత్వం ఒకటి పాఠకుల మనస్సుల్లో ఏర్పడింది.

అపోహ: యుద్ధం వల్లనే మిర్చి, పత్తి ధరలు పెరిగాయి.

వాస్తవం: తేదీలు చూస్తే ఈ మాట నిలవదు. పొడుగు పింజ పత్తికి ఆ ఏడాది కనీస మద్దతు ధర, అంటే ప్రభుత్వం ముందుగా ప్రకటించే కొనుగోలు ధర, క్వింటాలుకు 6,025 రూపాయలు కాగా, యుద్ధానికి ముందే, జనవరిలో, ఆదోని మార్కెట్‌లో ధర 10 వేలు దాటింది. దేశంలో దిగుబడి తగ్గడమూ, అంతర్జాతీయ ధరలు అంతకుముందే ఎగబాకడమూ అందుకు కారణాలు. మిర్చిది మరింత బాధాకరమైన కథ. 2021 చివరి నెలల్లో ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పురుగు తోటలను కమ్ముకుంది. పువ్వును అరచేతిలో దులిపితే నల్లని నలుసులు కదులుతూ కనిపించేవి, అవి రసం పీల్చిన పూత పిందె కట్టకుండానే రాలిపోయేది, మందులు కొట్టి విసిగిన రైతులు కొందరు తోటలనే పీకివేశారు. సరుకు తగ్గింది కనుక ధర పెరిగింది. గుంటూరు మిర్చిని ప్రధానంగా కొనే విదేశాలు చైనా, బంగ్లాదేశ్, థాయిలాండ్ వంటివే తప్ప యుద్ధంలో ఉన్న రెండు దేశాలూ కావు. ఈ అపోహ హానికరమైనది కూడా, ఎందుకంటే ధర శీర్షికను మాత్రమే చదివినవారికి రైతు బాగుపడ్డాడనిపించింది గాని, కౌలు ముందే చెల్లించి పంట పోగొట్టుకున్న కౌలురైతుకు అమ్ముకోవడానికి సరుకే లేదన్నది తోచలేదు.

అపోహ: ఉక్రెయిన్‌లో చదువుతున్న భారతీయ విద్యార్థుల కోసం రష్యా ఆరు గంటలు యుద్ధం ఆపింది.

వాస్తవం: మార్చి 2న భారత రాయబార కార్యాలయం సాయంత్రం 6 గంటలలోగా, అవసరమైతే నడిచైనా, ఉక్రెయిన్ నగరమైన ఖార్కివ్‌ను విడిచి వెళ్లాలని విద్యార్థులను హెచ్చరించింది, ఆ గడువే కాల్పుల విరామంగా ప్రచారమైంది. ఎవరో బాంబు దాడులు ఆపారనడం సరికాదని విదేశాంగ శాఖ మర్నాడే స్పష్టం చేసింది. పిల్లలను అక్కడికి వైద్యవిద్యకు పంపిన తెలుగు తల్లిదండ్రులకు ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే విరామం ఉందని నమ్మితే బంకరులోని బిడ్డను ఎప్పుడు బయలుదేరమనాలో తప్పుగా తేల్చుకునే ప్రమాదముంది.

అపోహ: అయితే ఈ యుద్ధం పల్లెను తాకనే లేదు, వంటనూనె ధర పెరగడం కూడా వ్యాపారుల కల్పనే.

వాస్తవం: ఇది వ్యతిరేక దిశలోని పొరపాటు. దేశానికి పొద్దుతిరుగుడు నూనెలో అధికభాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది; నల్లసముద్రపు రేవులు మూతపడగానే కొరత నిజంగానే ఏర్పడింది, నిల్వదారుల ఆశ దానిని పెంచింది. యుద్ధంతో మరింత పెరిగిన ఎరువుల ధరల దెబ్బ మాత్రం కంటికి కనబడలేదు. 50 కిలోల డీఏపీ బస్తా ధరను 1,350 రూపాయల వద్దనే నిలిపి ఉంచడానికి కేంద్రం ఏప్రిల్ 27న బస్తాకు సబ్సిడీని 1,650 నుంచి 2,501 రూపాయలకు పెంచింది. బస్తా మీద అచ్చయిన అంకె మారలేదు కనుక, కొన్న రైతుకు ఆ భారం తెలియలేదు.