పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పరిసరములలో ఒక దినపు యాత్ర

దూరము పోవుటయే యాత్ర కాదు. పోయినచోట ఎట్లు మెలగవలయునో యెరుగుటయు యాత్రలోని భాగమే. ఇందులకు దృష్టాంతముగా కరిబియను సముద్రపు దీవియైన ట్రినిడాడును గైకొందము. దాని ముఖ్యపట్టణము పోర్ట్ ఆఫ్ స్పెయిన్. 1845 మొదలు 1917 వరకు చెరకుతోటల పనికై లక్షకు పైగా భారతీయులు ఓడలమీద ఆ దీవికి పోయిరి. చెన్నపట్టణపు రేవున ఓడ నెక్కినవారిలో తెలుగువారును గలరు.

ఒక్క దినములో చూడగోరువాడు ప్రాతఃకాలముననే బయలుదేరి దక్షిణమునకు పోవలెను. దారిలో శాన్ ఫెర్నాండో పట్టణము గలదు. 1868లో కెనడానుండి వచ్చిన జాన్ మోర్టను దొరగారు ఆ ప్రాంతపు భారతీయుల నడుమ మిషను పని నారంభించిరి. అచ్చటి దేవాలయమునకు ‘సుసమాచార్’ అని పేరు. సువార్త యనుటకు ఆ జనులు సముద్రము దాటించి తెచ్చుకొన్న మాట అది. ఆరాధన జరుగుచున్నవేళ దానిని వింతవలె చూడబోరాదు.

అచ్చటినుండి నైరుతిదిశగా పోయిన లాబ్రియా అను ఊర తారుసరస్సు కాననగును. అది సుమారు 100 ఎకరముల వైశాల్యము గలది. నోవహు తన ఓడకు కీలు పూసెనని మనము చదివియున్నాము గదా! 1595లో సర్ వాల్టర్ రాలీ తన ఓడల సందులను ఈ సరస్సు తారుతోనే పూడ్పించెను. పైభాగము పెక్కుచోట్ల నడచుటకు గట్టిగానుండును. కొన్నిచోట్ల కాలు దిగబడును. కావున దారి చూపువాడు లేక అడుగిడరాదు. అతనికిచ్చు కూలి ఆ యూరివారికి జీవనాధారమగును, మనకు క్షేమమగును.

సాయంకాలము నాలుగు గంటలకు మరలి, నగరమునకు సమీపముననున్న కరోనీ మడ అడవికి చేరవలెను. సూర్యాస్తమయవేళ స్కార్లెట్ ఐబిస్ అను ఎఱ్ఱని పక్షులు గుంపులుగా వచ్చి చెట్లపై వ్రాలును. ఇవి మన చెరువులలోని తెల్లకంకణములకు చుట్టములు. పిల్లలు బూడిదవన్నెతో నుండి, పీతలు మొదలగువానిని తిని పెరుగుచు ఎఱ్ఱబడును. ఈ పక్షిని ఆ దేశమువారు తమ జాతీయపక్షిగా నెంచుకొనిరి. అయినను మాంసమునకై దానిని చంపువారు లేకపోలేదు. అందుచే 2018లో దానికి ప్రత్యేకరక్షణ కల్పించి, చంపినవారికి ఆ దేశపు నాణెములో లక్ష డాలర్ల జరిమానాయు రెండేండ్ల చెరయు విధించునట్లు ఏర్పరచిరి.

అయితే వేటగాని తుపాకి యొక్కటే హానికరము కాదు. దగ్గరగా చూడవలెనని పడవను చెట్లక్రిందికి తోలించుటయు, కేకలు వేయుటయు పక్షులను బెదరగొట్టును. రాత్రి విశ్రాంతికి వచ్చిన ప్రాణిని లేపి తరుముట కనికరము గలవారి పని కాదు. కావున పడవ దూరముననే నిలువవలెను, మాటలు తగ్గింపవలెను, తిన్నవాని పొట్లములు తిరిగి తీసికొని పోవలెను.

యాత్రకు ముందు మనము బండివేళలను, వ్యయమును లెక్కించుకొందుము. మన రాకచే ఆ స్థలమునకు కలుగు నష్టమునుగూడ ఆ లెక్కలో చేర్చుట మేలు. దేవుని సృష్టిలో మనము అతిథులము. మనము చూచినదానిని మన వెనుక వచ్చువాడును చూడగలుగునట్లు విడిచివచ్చినవాడే మంచి యాత్రికుడు.