దీపాన్ని తుడిస్తే వెలుగు పెరుగుతుందా?

కిరోసిన్ లాంతర్లు వాడిన రోజుల్లో సాయంత్రం కాగానే చిమ్నీ తుడవడం ఇంట్లో పిల్లల పని. చిమ్నీకి మసి పడితే వెలుగు రాదని అందరికీ తెలుసు. నేటి ట్యూబులైటు మసి వదలదు కాబట్టి దానిని తుడవాలన్న సంగతే మరచిపోయాం. గదిలో వెలుతురు తగ్గితే లైటు పాతబడిందనుకుని కొత్తది కొంటాం. అసలు కారణం దాని మీది దుమ్మే కావచ్చు. ఆ దుమ్ము ఎలా చేరుతుంది? దానిని ప్రమాదం లేకుండా ఎలా తొలగించాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

దుమ్ము ఎందుకు అంటుకుంటుంది?

వెలిగే దీపం చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాని స్థానంలోకి చుట్టుపక్కల గాలి ధూళికణాలతో సహా వచ్చి చేరుతుంది. దీనినే సంవహనం అంటాం. ప్లాస్టిక్ షేడును పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే స్థిర విద్యుదావేశం ఏర్పడి, అది మళ్లీ దుమ్మును ఆకర్షిస్తుంది. వంటింట్లో నూనె ఆవిరి షేడు మీద జిడ్డుగా పేరుకుంటుంది. దానికి అంటుకున్న దుమ్ము దులిపినా రాలదు.

ఈ పొర కాంతిలో కొంత భాగాన్ని శోషించుకుంటుంది, కొంత భాగాన్ని పక్కలకు చెదరగొడుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. 20 వాట్ల ఎల్‌ఇడి ట్యూబు సుమారు 2000 ల్యూమెన్ల కాంతి ఇస్తుందనుకోండి. దుమ్ము అందులో నాలుగో వంతును ఆపితే మనకు అందేది 1500 ల్యూమెన్లే. మీటరు మాత్రం 20 వాట్లకే తిరుగుతుంది. రోజుకు 5 గంటల చొప్పున ఏడాదికి 36.5 యూనిట్లు ఖర్చయితే, అందులో సుమారు 9 యూనిట్లు దుమ్ము పాలే!

ఎల్‌ఇడి బల్బుకు మరో నష్టం కూడా ఉంది. దానిలో పుట్టే వేడి వెనుక భాగం ద్వారా బయటకు పోవాలి. అక్కడ పేరుకున్న దుమ్ము వేడిని పోనివ్వదు. లోపలి భాగాలు వేడెక్కి బల్బు ఆయుష్షు తగ్గుతుంది.

స్విచ్ ఆపితే చాలదు

భౌతికశాస్త్రం బోధించే నేనే ఒకసారి పొరపాటు చేశాను. అద్దె ఇంట్లో స్విచ్ ఆపి, బల్బు తీసి, ఒక చెయ్యి గోడకు ఆనించి, హోల్డరును తడిగుడ్డతో తుడవబోయాను. చెయ్యి జివ్వుమంది. స్టూలు మీద నుంచి కింద పడ్డాను. అదృష్టవశాత్తు పెద్ద గాయం కాలేదు.

కారణమేమిటి? స్విచ్‌ను ఎప్పుడూ ఫేజు తీగలోనే అమర్చాలి. ఆ ఇంట్లో దానిని న్యూట్రల్‌లో అమర్చారు. స్విచ్ ఆపగానే బల్బు ఆరిపోయింది, కానీ హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉన్నాయి. నా శరీరం, తడి గోడ కలిసి విద్యుత్తు భూమిలోకి పోయేందుకు దారి అయ్యాయి.

కాబట్టి మెయిన్ స్విచ్ ఆపాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అదొక్కటీ సరిపోదు. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ లైట్లకు కరెంటు అందిస్తుంది. రెండూ ఆపండి. టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్న సాకెట్‌లో ముందే చూసుకుని, తరువాత హోల్డరు దగ్గర పరీక్షించండి. ఈ పని పగటిపూట, పెద్దల సమక్షంలోనే చేయాలి. స్టూలు కదలకుండా ఒకరు పట్టుకోవాలి.

శుభ్రం చేసే విధానం

1. బల్బు పూర్తిగా చల్లారనివ్వండి. వేడి గాజుకు చన్నీళ్లు తగిలితే ఒక భాగం ముందుగా సంకోచించి పగులుతుంది.
2. గాజు షేడును విప్పి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడగండి. పూర్తిగా ఆరాకే బిగించండి.
3. ప్లాస్టిక్ షేడును సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడవండి. థిన్నరు, పెట్రోలు వాడితే మసకబారుతుంది. పైగా అవి మండే ద్రవాలు.
4. గుడ్డ షేడును మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి దులపండి. తడిపితే జిగురు ఊడిపోవచ్చు.
5. హోల్డరు మీద, తీగల మీద నీళ్లు చల్లవద్దు. పొడిగుడ్డ చాలు.

పాత ఫ్లోరసెంట్ ట్యూబులో, సిఎఫ్ఎల్‌లో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, అందరూ 10-15 నిమిషాలు బయటకు వెళ్లండి. తరువాత చీపురు వాడకుండా, దళసరి అట్టతో ముక్కలు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, మూత ఉన్న డబ్బాలో వేయండి.

చేసి చూడండి

మీరు చదువుకునే బల్ల మీద ఒక గుర్తు పెట్టండి. కాంతిని కొలిచే యాప్ ఉన్న ఫోనును అక్కడ ఉంచి, రాత్రివేళ లైటును తుడవకముందు, తుడిచాక లక్స్ విలువలు రాసుకోండి. కిటికీలు మూసి ఉండాలి, మిగతా లైట్లు ఆపాలి. వెలుతురు ఎంత శాతం పెరిగింది? వంటింటి లైటుకూ, చదువు గది లైటుకూ తేడా ఎంత? ఎందుకు? మీ తరగతిలో చర్చించండి.