పాత్ర వెనక మూట



మనం నాటకం వేస్తే మాటలన్నీ ముందే రాసి ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏమనాలో, ఎవరు ఎప్పుడు పడిపోవాలో అందరికీ తెలుసు. అలాగ కాకుండా పాత్రలు మాత్రమే ఉండి, కథ ముందుగా రాసి లేని ఆట ఒకటుంది. ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మనం పాత్రల ఆట అనుకుందాం. దీనికి కంప్యూటరూ కరెంటూ అక్కర్లేదు. నలుగురైదుగురు మనుషులు, కాయితం, పెన్సిలు, రెండు లూడో పాచికలు చాలు.

ఆట ఎలాగాడతారు?

ఒకరు కథ నడుపుతారు. "మంచు కమ్మేసింది. దారి కనపడట్లేదు. ముందర కాపలావాళ్ళ మంట కనిపిస్తోంది. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మిగతావాళ్ళు తలో పాత్ర. తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వారే చెప్పాలి. పని అవుతుందో అవదో అనుమానం వస్తే రెండు పాచికలూ వేసి కూడాలి. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పని అయినట్టు.

ఈ రకం ఆటల్లో మొదట అచ్చయి అమ్మకానికి వచ్చింది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. నేను చెప్పిన 8 లెక్క మాత్రం 1977లో వచ్చిన ట్రావెలర్ అనే ఆటలోది.

మూట అంటే ఏమిటి?

పాత్ర ఆకాశం నుంచి ఊడిపడదు కదా! ఆట మొదలవకముందు ఆ మనిషి ఎక్కడో పెరిగాడు, ఏదో పని చేశాడు, ఎవరికో బాకీ పడ్డాడు. ఆ వెనకటి బతుకు నుంచి వచ్చినవన్నీ ఒకచోట కట్టి ఇస్తే దాన్ని బ్యాక్‌గ్రౌండ్ ప్యాకేజీ అంటారు. మన మాటలో వెనకటి మూట.

ట్రావెలర్‌లో పాత్ర ముందుగా సైన్యంలోనో వర్తక ఓడలోనో నాలుగేసి సంవత్సరాల చొప్పున పనిచెయ్యాలి. ప్రతి నాలుగేళ్ళకీ కొన్ని విద్యలు వస్తాయి. పాచిక బాగా పడకపోతే ఆట మొదలవకముందే పాత్ర చచ్చిపోవచ్చు కూడా! 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక్కో మూటలో రెండు నైపుణ్యాలు, పనిముట్లో భాషలో కొన్ని, కొంత సామాను, ఒక ప్రత్యేక సదుపాయం ఉండేవి. నావికుడికి ఓడలో ఉచితంగా చోటు దొరుకుతుంది. ఊళ్ళకి దూరంగా అడవుల్లో తిరిగినవాడు రోజూ తనకీ, ఇంకో అయిదుగురికీ తిండీ నీళ్ళూ వెతకగలడు.

మన రాజాం కథతో చూద్దాం

1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటని ముట్టడించారు. తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. కబురు వేళకి అందలేదనీ, ఆయన వచ్చేసరికి కోట పోయిందనీ బొబ్బిలి కథ చెప్పేవాళ్ళు చెప్తారు. తర్వాత ఆయన విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ని చంపాడు.

మన ఆట ఆ కబురు గురించే. కోట నుంచి రాజాం దాకా కబురు మోసేది మీరే. అందుతుందా లేదా అన్నది మీ చేతిలో ఉంది. నాలుగు మూటలు రాశాను:

1. బంటు. కత్తి తిప్పడం, శత్రువుల లెక్క కట్టడం తెలుసు. సామాను: కత్తి, డాలు. తమ్ముడు కోటలోనే ఉండిపోయాడు.

2. ఉప్పు వర్తకుడు. బేరం, బండి దారులు తెలుసు. సామాను: ఎడ్లబండి, రెండు బస్తాల ఉప్పు. శత్రువుల దండులో ఒకడికి బాకీ ఉన్నాడు.

3. మంత్రసాని. మందులు, మనిషి ముఖం చూసి మనసు పోల్చడం తెలుసు. సామాను: మూలికల సంచి. అర్ధరాత్రి రోడ్డు మీద కనపడినా ఎవరూ అనుమానించరు.

4. కొండమీద పోడు చేసే రైతు. చీకట్లో దారి, జంతువుల జాడ తెలుసు. సవర భాష, తెలుగు రెండూ వచ్చు. సామాను: గొడ్డలి, తేనె బుర్ర. కిందటేడు కరువులో ఆదుకున్న రాజాం మనిషికి మాటిచ్చాడు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 8 గానీ ఎక్కువ గానీ వచ్చేవి 15. అంటే సగం కన్నా తక్కువ. కానీ ఆ పని మీ మూటలో ఉంటే 2 కలుపుకోవచ్చు. అప్పుడు పాచికల మీద 6 వస్తే చాలు. అవి 36లో 26! చూశారా, మూట ఎంత పని చేస్తుందో.

అయితే అంకె ఒక్కటే మూట కాదు. కాపలావాడు "ఏటమ్మా, ఈయేళప్పుడు ఎటెల్తన్నావు?" అంటే మంత్రసాని "నీ చెల్లెలికి నొప్పులొస్తే ఇలాగే ఆపుతావేటి?" అని అడగొచ్చు. అది పాచికల్లోంచి రాదు, మూటలోంచి వస్తుంది. వర్తకుడి బాకీ, బంటు తమ్ముడు కూడా అంతే. కథ నడిపేవాళ్ళు వాటిని మర్చిపోకుండా మధ్యలో బయటికి తియ్యాలి. ఒక్కసారైనా వాడని మూట ఉత్త బరువే.

మూటలో ఏది పెట్టకూడదు?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. 1974 ఆటలో డ్వార్ఫ్ అనే కల్పిత జాతి ఉంది. ఆ జాతిలో పుట్టిన పాత్ర యోధుడు మాత్రమే కావాలి. అదీ ఆరో మెట్టు దాటకూడదు. మనిషి పాత్రకి అలాంటి అడ్డు లేదు. ఎంత కష్టపడినా, ఎంత బాగా ఆడినా, పుట్టుక వల్ల ఆరు దగ్గర ఆగిపోవాలి! 2000లో వచ్చిన పుస్తకం ఈ మెట్ల హద్దుని తీసేసింది. 2024 పుస్తకంలో ఇంకో మార్పు చేశారు. బలం, తెలివి లాంటి వాటికి ఇచ్చే అదనపు అంకెలు జాతి నుంచి తీసేసి, వెనకటి మూటలోకి మార్చారు. అంటే ఏ కడుపున పుట్టాడని కాదు, ఏం చేస్తూ పెరిగాడని చూస్తున్నారు. ఇది మారడానికి 50 సంవత్సరాలు పట్టింది.

మనకి ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. "కొండవాళ్ళకి ఈ మాత్రం చదువు చాల్లే" అన్న మాట మనలో చాలామంది విన్నదే. అదీ ఆరో మెట్టు లాంటిదే. అందుకని మన ఆటలో "సవర: బలం ఎక్కువ, లెక్కలు రావు" అని రాయకూడదు. సవర, జాతాపు, గదబ అన్నవి మనుషుల పేర్లు, పనుల పేర్లు కావు. పోడు చేసినవాడు, అడ్డాకులు కుట్టినామె, సంతలో చింతపండు తూచి అమ్మినవాడు అని రాయండి. సంతలో అమ్మినవాడికి లెక్కలు రాకుండా ఎలాగుంటాయి? ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడేవాడి మూటలో రెండు భాషలున్నట్టే కదా!

ఇంకోటి. మూట మొదలు మాత్రమే చెప్తుంది, చివర చెప్పదు. పోడు రైతు ఆటలో కత్తి నేర్చుకోవచ్చు, బంటు మూలికలు నేర్చుకోవచ్చు. కొత్తగా నేర్చిన పనిని మూట కిందనే రాసుకోవాలి. దానికి హద్దు పెట్టొద్దు.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మనీ తాతనీ అడగండి: చిన్నప్పుడు ఏ పని చేశారు, ఏ దారిన నడిచారు, ఏ సామాను మోశారు అని. వచ్చాక ఒక్కొక్కరు ఒక్కో మూట రాసి ఈ గోడపత్రిక పక్కన అంటించండి. పది మూటలు అయ్యాక ఒక ఆదివారం కబురు పట్టుకుని రాజాం బయల్దేరదాం.