మధ్యలో ఏళ్ళేవి?

2012 వేసవిలో అక్క పురుడికి అమ్మా నేనూ అమెరికా వెళ్ళాం. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ అనే ఊరు. బావ ఆఫీసుకి వెళ్ళి, అక్కా పాపా నిద్రపోతే ఇక మిగిలేది మేమిద్దరం, టీవీ. ఆ నవంబర్లోనే అధ్యక్ష ఎన్నికలు. ఒబామా మీద మిట్ రామ్నీ పోటీ. ఒహాయో ఎటు మొగ్గుతుందో తెలియని రాష్ట్రం కాబట్టి ప్రకటనల వర్షం కురిపించారు. సబ్బు ప్రకటన ఒకటొస్తే రామ్నీ మీద రెండొచ్చేవి.

అమ్మకి ఇంగ్లీషు రాదు. ఒకరోజు పాప బట్టలు మడతపెడుతూ ఆగిపోయింది. తెర మీద ఒక పెద్దాయన మాట్లాడుతున్నాడు.

"ఏమంటున్నాడే అతను? మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది."

పోయింది ఉద్యోగం. ఇండియానా రాష్ట్రంలో మారియన్ అనే చిన్న ఊళ్ళో కాయితాల ఫ్యాక్టరీ. ఒకరోజు ముప్ఫై అడుగుల వేదిక కట్టమన్నారట. ఎందుకో చెప్పలేదట. ఇతనూ తోటివాళ్ళూ కలిసి కట్టారు. కొన్నాళ్ళకి మూడు షిఫ్టుల వాళ్ళనీ పోగుచేసి, ఎవరో ఆ వేదికే ఎక్కి, మీ అందరి ఉద్యోగాలూ పోయాయని చెప్పారట. నా శవపేటిక నేనే తయారు చేసుకున్నట్టయిందంటున్నాడు.

నేను తెలుగులో చెప్పగానే అమ్మ, "మీ నాన్న మిల్లు లాగానా?" అంది.

అలాగే అన్నాను. నిజానికి మా ఊరి స్పిన్నింగ్ మిల్లు వాళ్ళు వేదిక దాకా కూడా పోలేదు. 1996లో గేటుకి ఒక కాయితం అంటించి ఊరుకున్నారు.

మరి ఆ ఫ్యాక్టరీకీ రామ్నీకీ ఏమిటి సంబంధం? ఆయన 1984లో మొదలైన బెయిన్ క్యాపిటల్ అనే సంస్థకి అప్పట్లో పెద్ద. అలాంటి వాళ్ళు చేసే పనిని ప్రైవేట్ ఈక్విటీ అంటారు. పేరు చూసి భయపడకండి, ఇల్లు నడిపే ఆడవాళ్ళకి అర్థం కానిదేం కాదు. పది లక్షల ఇల్లు కొనాలనుకోండి. కొనేవాడు తన జేబులోంచి రెండు లక్షలు తీస్తాడు, మిగతా ఎనిమిదీ అప్పు. అయితే అప్పు తీర్చాల్సింది అతను కాదు, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు! ఇల్లు బాగుచేసినందుకు వాళ్ళ దగ్గరే ఫీజు కూడా తీసుకుంటాడు. ఇల్లు బాగుపడి ఎక్కువకి అమ్ముడుపోతే లాభం అతనిది. కూలిపోయిందా, పోయేది ఆ రెండు లక్షలే. అదీ చాలాసార్లు ముందే చేతికొచ్చేసి ఉంటుంది.

బెయిన్ వాళ్ళు 1992లో ఆంపాడ్ అనే కాయితాల కంపెనీని కొన్నారు. ఆ ఆంపాడ్ 1994లో మారియన్ ఫ్యాక్టరీని కొంది. పనివాళ్ళందర్నీ తీసేసి, కావాలంటే తక్కువ జీతానికి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమంది. సమ్మె జరిగింది. 1995లో ఫ్యాక్టరీ మూతపడింది. 2000లో ఆంపాడే దివాలా తీసింది. బెయిన్‌కి మాత్రం ఈ వ్యవహారంలో పది కోట్ల డాలర్లు దాటి వచ్చాయి. 1994లో రామ్నీ సెనేట్‌కి టెడ్ కెనడీ మీద నిలబడితే, ఈ కార్మికులు కొందరు అంతదూరం మసాచుసెట్స్ వెళ్ళి ఆయనకి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. కెనడీ ప్రకటనల్లో కనిపించారు. రామ్నీ ఓడిపోయాడు.

2012లో కూడా మొదటి రాయి వేసింది ఒబామా కాదు, రామ్నీ సొంత పార్టీ వాళ్ళే. జనవరిలో న్యూట్ గింగ్రిచ్ మద్దతుదారులు ఆయన మీద అరగంట సినిమా వదిలారు. టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ అయితే ఇలాంటి పెట్టుబడిదారుల్ని రాబందులన్నాడు. అటుపక్క ఒబామా పార్టీలోని కోరీ బుకరేమో ఈ దాడులు వెగటు పుట్టిస్తున్నాయన్నాడు. తోడికోడళ్ళ తగవులో అత్తగారు ఎటు మాట్లాడుతుందో తెలియనట్టు!

రామ్నీ జవాబులో న్యాయం లేకపోలేదు. స్టేపుల్స్ అనే దుకాణాల సంస్థ 1986లో ఒక్క కొట్టుతో మొదలైనప్పుడు డబ్బు పెట్టిన వాళ్ళలో బెయిన్ ఉంది. అది ఎంతో పెద్దదయింది. కొన్ని బతుకుతాయి, కొన్ని పోతాయి, అదే వ్యాపారం అన్నాడాయన. కాన్సస్ సిటీలో జీఎస్‌టీ స్టీల్ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఉండేది. బెయిన్ 1993లో కొంటే 2001లో దివాలా తీసింది. సుమారు 750 మంది వీధిన పడ్డారు. పింఛన్ల నిధిలో పడిన లోటుకి ప్రభుత్వ బీమా సంస్థ నాలుగు కోట్ల నలభై లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అప్పటికి నేను లేను, 1999లోనే ఒలింపిక్స్ పనికి వెళ్ళిపోయాను అన్నాడు రామ్నీ. వెళ్ళిన మాట నిజమే. కాయితాల మీద మాత్రం 2002 దాకా యజమానిగా ఆయన పేరే ఉంది.

ఇక్కడిదాకా నేను పూర్తిగా కార్మికుల పక్షమే.

ఆగస్టులో ఇంకో ప్రకటన వచ్చింది. డబ్బు కట్టి వేయించింది తక్కువ, వార్తల వాళ్ళు ఊరికే చూపించింది ఎక్కువ. అదే ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడొకాయన, ఉద్యోగం పోయింది, ఆరోగ్య బీమా పోయింది, కొంతకాలానికి నా భార్యకి జబ్బు చేసింది, ఆస్పత్రికి తీసుకెళ్తే క్యాన్సర్ ముదిరిపోయిందన్నారు, చనిపోయింది అంటాడు. నాకు కళ్ళనీళ్ళాగలేదు. బాలింత చూస్తే బాగుండదని టీవీ కట్టేశాను.

తర్వాత అసలు సంగతి బయటపడింది. ఆమె పోయింది 2006లో, అంటే ఫ్యాక్టరీ మూతపడిన ఐదేళ్ళకి. భర్త బీమా పోయాక కూడా, తన ఉద్యోగం వల్ల ఆమెకి సొంత బీమా ఉండేది. దెబ్బ తగిలి ఆ ఉద్యోగం మానేశాక అదీ పోయింది. ప్రకటనలో ఇదేదీ లేదు. రామ్నీ మనుషులకి పట్టు దొరికింది. ఒక్క అబద్ధం పట్టుకుని, మారియన్ వేదికని కూడా అందులో కలిపేయబోయారు.

ఆ నవంబర్లో ఒబామా 332 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు. మావంటివాళ్ళ గురించి పట్టించుకునే మనిషి కావాలి, అదే ముఖ్యం అన్న ఓటర్లలో నూటికి 81 మంది ఆయనకే వేశారట. ప్రకటనలు పనిచేశాయనే చెప్పుకున్నారు.

చెప్పొద్దూ, ఆ ప్రకటన తయారుచేసిన వాళ్ళని నేను చాన్నాళ్ళు తిట్టుకున్నాను. కట్టుకున్నవాడి ఏడుపు నిజం, దాన్ని కత్తిరించి అతికించిన చేతులే తప్పు చేశాయి అని.

కొన్నేళ్ళకి నేనో కథ రాశాను, మా ఊరి మిల్లు మీద. మిల్లు మూసిన చలికాలంలోనే అందులో నాన్న చనిపోతాడు. వారపత్రికలో వచ్చింది. చదివి ఏడ్చామని ఉత్తరాలు కూడా వచ్చాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదివి పత్రిక మూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాన్న పోయింది 2005లో. మిల్లు మూసిన తొమ్మిదేళ్ళకి. ఆ తొమ్మిదేళ్ళూ ఆయన కిరాణా కొట్లో లెక్కలు రాశాడు. అమ్మ వీధిలో అందరి జాకెట్లూ కుట్టింది. అక్క ఇంజనీరింగ్ ఫీజు, నా డిగ్రీ, నాన్న మందులు అన్నీ ఆ మిషను మీదే నడిచాయి. ఇప్పటికీ అమ్మ కుడికాలు సాయంత్రమయ్యేసరికి లాగేస్తుంది.

"బానే రాశావు" అంది చివరికి. "మరి ఆ తొమ్మిదేళ్ళూ ఏం చేశావే?"

కథకి పట్టు రావాలి కదమ్మా అన్నాను. నా గొంతు నాకే బాగాలేదు. అమ్మ లేచి మిషను మీది గుడ్డ తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ కప్పింది.