ఉత్తరాల గుట్టనుండి భాండాగారము వరకు

కడప మండలములోని పల్లెల పూర్వచరిత్ర తెలిసికొనగోరువారు తప్పక చూడవలసినవి కైఫియత్తులు. 19వ శతాబ్ది తొలి దశకాలలో కర్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులను ఊరూరికి పంపి, కరణాల కవిలెలనుండి ఆ గ్రామవృత్తాంతాలను వ్రాయించినాడు. 1821లో ఆయన మరణించిన పిమ్మట ఆ కాగితాలలో కొన్ని లండనుకు పోయినవి. కొన్ని మద్రాసుకు వచ్చినవి. వాటిలో శిథిలమగుచున్న వానిని సి.పి. బ్రౌను తిరిగి వ్రాయించి బైండు చేయించినాడు. వ్రాసినవారు ఒకరు, పోగుచేసినవారు ఒకరు, ప్రతి తీయించినవారు మరియొకరు. ఈ మూడు పనులలో ఏ ఒక్కటి లోపించినను నేడు మనకు ఆ వృత్తాంతములు దక్కియుండెడివి కావు.

మన కాలమునందును ఇటువంటి కాగితాలు లేని కైఫియత్తులు దినదినము వ్రాయబడుచున్నవి. అవి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి ఉత్తరాలు. వాటిని ఎట్లు పోగుచేసి, ఎట్లు వరుసపెట్టి, అందరికిని అందుబాటులో ఉంచవచ్చునో తెలిసికొందాము.

మెయిలింగు లిస్టు అనగా నేమి?

మూలరచనను అందరును చూచి, దిద్ది, పంచుకొనుటకు అనుమతించు ప్రోగ్రాములను ఓపెన్ సోర్సు సాఫ్టువేరు అంటారు. లినక్సు అట్టిది. దీనిని తయారుచేయువారు ఒక కార్యాలయములో కూర్చుని పనిచేయరు. వేర్వేరు దేశాలలో ఉంటారు. వారిని కలుపు సూత్రము మెయిలింగు లిస్టు. ఒక చిరునామాకు పంపిన ఉత్తరము సభ్యులందరికిని చేరుటయే దీని కిటుకు.

ఒక ఉదాహరణ చూడుడు. తొండూరులోని ఒక ఉపాధ్యాయుడు, పాఠశాల కంప్యూటరుపై తెలుగు ఒత్తులు అక్షరము క్రిందకు చేరక ప్రక్కకు విడిపోవుచున్నవని లిస్టుకు వ్రాసినాడనుకొందాము. బెంగుళూరునుండి ఒకరు దానికి కారణము చెప్పినారు. హ్యూస్టను నుండి మరియొకరు ఆ కారణము సరికాదని నిరూపించి, దిద్దుబాటు పంపినారు. ప్రోగ్రాములో మారినది రెండు పంక్తులు మాత్రమే. కాని ఆ రెండు పంక్తులు ఎందుకు మారినవో ప్రోగ్రాము చెప్పదు, ఉత్తరాలే చెప్పవలెను. పదేండ్ల తరువాత వచ్చిన కొత్తవాడు ఆ పంక్తులు అనవసరమని తొలగించినచో, తొండూరు పాఠశాలలో ఒత్తులు మరల విడిపోవును. కనుక లేఖల భాండాగారము అలంకారము కాదు, అవసరము.

అది పోయినచో ఏమగునో ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. యాహూ గ్రూప్సు అను సేవలో వేలకొలది చర్చాబృందాలు నడచినవి. తెలుగు సాహిత్యచర్చలు జరిగిన రచ్చబండ వంటి బృందములకును అదియే నెలవు. 2019 అక్టోబరులో ఆ సంస్థ తాను దాచిన పాత లేఖలను తొలగింపబోవుచున్నట్లు ప్రకటించినది. 2020 డిసెంబరు 15న ఆ సేవయే ముగిసినది. స్వచ్ఛంద సేవకులు కొంత కాపాడగలిగినారు. అంతయు కాపాడుట ఎవరి తరమును కాలేదు. ఇతరుల అరుగుమీద కూర్చుని మాటలాడవచ్చును. కాని మన దస్తావేజులను ఆ అరుగుమీదనే వదలి రాగూడదు.

లేఖ యొక్క నిర్మాణము

ఎలక్ట్రానిక్ లేఖలో రెండు భాగాలున్నవి: శీర్షము, దేహము. దేహము మనము వ్రాసినది. శీర్షము ఉత్తరపు కవరు వంటిది. ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఏ విషయముపై పంపినదియు అందుండును. ఈ ఏర్పాటునకు 1982లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 822 అను నియమావళి ఆధారము.

శీర్షములో పాఠకునికి సాధారణముగా కనబడని అంశాలు మూడు భాండాగారమునకు ప్రాణప్రదములు. మొదటిది మెసేజ్ ఐడీ: ప్రతి లేఖకును పుట్టుకతో వచ్చు ప్రత్యేకమైన గుర్తు. రెండవది ఇన్ రిప్లై టు: ఏ లేఖకు ఇది జవాబో ఆ లేఖ యొక్క గుర్తు. మూడవది రిఫరెన్సెస్: ఆ చర్చలోని పూర్వపు లేఖల గుర్తుల వరుస. రెండవది తండ్రి పేరైనచో, మూడవది తాతముత్తాతల పట్టిక.

పోగుచేయుట

మొదటి పని పాత లేఖల సేకరణ. సర్వరులోని ప్రతి నశించినను నిరాశపడనక్కరలేదు. లిస్టు స్వభావమును బట్టి ప్రతి లేఖ యొక్క నకలును సభ్యులందరికిని వెళ్లియున్నది. ఒకనివద్ద 3 ఏండ్లవి, మరియొకనివద్ద 5 ఏండ్లవి దొరకవచ్చును. వాటినన్నిటిని కలిపి, ఒకే మెసేజ్ ఐడీ గలవానిలో ఒకటి ఉంచి తక్కినవి తీసివేసిన, పూర్ణమైన వరుస ఏర్పడును. బ్రౌను పండితులు ఒకే కావ్యపు పలు తాళపత్ర ప్రతులను సరిచూచి శుద్ధప్రతి సిద్ధపరచిన పద్ధతి ఇట్టిదే. లినక్సు కెర్నెలు చర్చల కొరకు 2018లో లోర్ అను భాండాగారము నెలకొల్పినప్పుడును పలువురు దాచుకొన్న ప్రతులనే ఇట్లు కూర్చినారు.

లేఖలను దాచుటకు ఎంబాక్సు అను పాత పద్ధతి కలదు. అందు లేఖలన్నియు ఒకే పొడుగైన ఫైలులో వరుసగా ఉండును. ప్రతి లేఖయు ‘ఫ్రం’ అను ఇంగ్లీషు పదము, దాని తరువాత ఖాళీ గల పంక్తితో మొదలగును. ఇందొక చిక్కు ఉన్నది. లేఖ దేహములో ఎవరైన ఒక పంక్తిని ఆ పదముతోనే ప్రారంభించినచో, యంత్రము అక్కడ కొత్త లేఖ మొదలైనదని భ్రమపడి ఒక ఉత్తరమును రెండుగా చీల్చును. అందుచే అట్టి పంక్తికి ముందు బాణపు మొనవంటి ఒక గుర్తు చేర్చుట ఆచారము.

ఇంతటి లేఖలకు ఎంత స్థలము కావలెను? దినమునకు 20 లేఖలు, ఒక్కొక్కటి 5 కిలోబైట్లు అనుకొందాము. సంవత్సరమునకు 7,300 లేఖలు, 36.5 మెగాబైట్లు. 20 ఏండ్లకు 1,46,000 లేఖలు, 730 మెగాబైట్లు. ఇది జేబులోని పెన్ డ్రైవులో ఒక మూలకు చాలదు. లోపించునది చోటు కాదు, శ్రద్ధ అని దీనివలన తేలుచున్నది.

వంశవృక్షము

లేఖలను తేదీవారీగా పేర్చిన మాత్రమున చర్చ అర్థము కాదు. ఒకే దినమున పది చర్చలు కలగాపులగముగా నడచుచుండును. జవాబును ప్రశ్నక్రింద, దాని జవాబును దానిక్రింద ఉంచి వంశవృక్షమువలె చూపవలెను. దీనినే థ్రెడ్ అంటారు.

ఒక్కొక్కప్పుడు తండ్రి లేఖ దొరకదు. బిడ్డ లేఖ మాత్రము ఉండును. అట్టిచోట ఆ గుర్తుతో ఒక ఖాళీ స్థానము నిలిపి, దానిక్రింద బిడ్డను చేర్చవలెను. తరువాత ఎన్నడైన తండ్రి లేఖ దొరికినచో ఆ ఖాళీలో కూర్చుండును. నెట్‌స్కేప్ సంస్థ ఈ-మెయిలు ప్రోగ్రాము కొరకు జేమీ జవిన్‌స్కీ రూపొందించిన క్రమములో ఈ ఖాళీ స్థానపు ఉపాయమే ముఖ్యము.

తేదీలను గూర్చియు జాగ్రత్త అవసరము. హ్యూస్టనులో చలికాలమున డిసెంబరు 31 రాత్రి 8 గంటలకు పంపిన ఉత్తరము తొండూరువారికి జనవరి 1 ఉదయము 7 గంటల 30 నిమిషాలకు చేరును. అది ఏ సంవత్సరపు కట్టలోనిది? అన్ని తేదీలను ప్రపంచ ప్రామాణిక కాలమునకు మార్చి లెక్కించుట దీనికి పరిష్కారము. ఆ లెక్కన అది జనవరి 1, తెల్లవారుజాము 2 గంటలు. ఇక పంపినవాని గడియారమే తప్పైనచో, దారిలోని సర్వరులు వేసిన కాలముద్రలను చూడవలెను. అవి తపాలా ముద్రల వంటివి.

చెదరని చిరునామా

ప్రతి లేఖకును ఒక పుట, ప్రతి పుటకును ఒక చిరునామా ఇయ్యవలెను. లేఖలకు 1, 2, 3 అని వరుస అంకెలు ఇచ్చుట సులభముగా తోచును. కాని 50వ లేఖకును 51వ లేఖకును నడుమ పోయిన లేఖ ఒకటి దొరికినదనుకొనుడు. పుటలను తిరిగి తయారుచేయగా 51వది 52వది అగును. ఆపై అన్నియు మారిపోవును. ఇతర గ్రంథాలలోను, పుటలలోను పూర్వమిచ్చిన ఉల్లేఖనములన్నియు తప్పుడు లేఖలను చూపును. అందుచే వరుస అంకెను గాక, మెసేజ్ ఐడీనుండి గణించిన గుర్తునే చిరునామాగా వాడుట మేలు. ఎన్ని లేఖలు కొత్తగా దొరికినను అది మారదు.

తెలుగు లిపి చిక్కులు

యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరికినది. అయినను దాని వాడుక వ్యాపించుటకు చాలకాలము పట్టినది. అంతకుముందు విదేశాలలోని తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసికొన్నారు. రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన రిట్ అను ప్రోగ్రాము ఆ వ్రాతను తెలుగులిపిలోనికి మార్చెడిది. మరికొందరు తమతమ ఫాంట్ల సంకేతాలలో వ్రాసినారు. వాటిని యూనికోడులోనికి మార్చుటకు వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ వంటి సాధనములు ఉపకరించినవి. అట్టి పాత లేఖలకు మూలప్రతిని ఉన్నదున్నట్లు దాచి, మార్చిన ప్రతిని వేరుగా ప్రక్కన ఉంచవలెను. మార్పులో తప్పు దొర్లినను మూలము చెడరాదు.

‘తొండూరు’ అను మాటనే తీసికొందాము. కంటికి ఇది మూడక్షరాలు. యూనికోడులో త, ఒత్వము, సున్న, డ, ఊత్వము, ర, ఉత్వము అని 7 సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు. మొత్తము 21 బైట్లు. పాతకాలపు తపాలా యంత్రములు 7 బిట్ల సంకేతములనే భద్రముగా మోయగలవు. కనుక 1992లో వచ్చిన మైము నియమములను అనుసరించి, ప్రతి 3 బైట్లను 4 ఇంగ్లీషు గుర్తులుగా మార్చి పంపుదురు. అప్పుడు మన 21 బైట్లు 28 గుర్తులగును. భాండాగారము వీటిని తిరిగి విప్పి చదువవలెను. లేనిచో పుటపై తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరాలు కనబడును.

మరి రెండు సూక్ష్మములున్నవి. ‘కైఫియత్తు’లోని ఐత్వమును ఒకే సంకేతముగను, ఎత్వము, క్రింది ఐత్వపు గుర్తు అను రెండు సంకేతములుగను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే, యంత్రమునకు వేర్వేరు. వెదకుటకు ముందు రెంటిని ఒకే రూపమునకు తేవలెను. అట్లే ‘సాఫ్ట్‌వేర్’ అను మాటలో టకారపు పొల్లు తరువాత కంటికి కనబడని చిహ్నమొకటి ఉండును. అనవసరమని దానిని తుడిచివేసినచో వకారము ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అగును. దాచునప్పుడు ఆ చిహ్నమును కాపాడవలెను. వెదకునప్పుడు దానిని లెక్కింపరాదు.

వెదకుట

గ్రంథము చివర పదసూచిక ఉండును గదా! భాండాగారమునకును అట్టిదే తయారుచేయుదురు. ప్రతి పదమునకు ఎదురుగా అది వచ్చిన లేఖల గుర్తులు వ్రాయుదురు. అందువలన వెదకినప్పుడు లక్షన్నర లేఖలు తిరగవేయు పని తప్పును. కాని తెలుగులో విభక్తులు పదమునకే అంటుకొనును. తొండూరులో, తొండూరుకు, తొండూరునుండి, తొండూరి అను రూపములను యంత్రము వేర్వేరు పదములుగా తలచును. ఈ రూపములన్నిటికిని మొదటి 6 సంకేతములు సమానమే. ఆ మొదటి భాగమును బట్టి వెదకునట్లు ఏర్పాటు చేసిన చాలవరకు ఫలితము దక్కును.

రక్షణ, మర్యాద

పుటలను ముందే తయారుచేసి ఉంచినచో వాటిని ఏ సామాన్యపు సర్వరైనను చూపగలదు. నడుపు ఖర్చు తగ్గును, చెడిపోవు భాగములును తగ్గును. మూలప్రతులు కనీసము మూడు, వేర్వేరు ఊళ్లలో ఉండవలెను. ప్రతి ఫైలునకు షా-256 అను గణనముతో 64 గుర్తుల ముద్ర తీసి ఉంచవలెను. ఫైలులో ఒక్క అక్షరము మారినను ముద్ర మారిపోవును. ఏటేట ఈ ముద్రలను సరిచూచినచో చెదలు పట్టినది ఏదో వెంటనే తెలియును.

అందరికిని చూపునప్పుడు మర్యాదయు పాటింపవలెను. వ్రాసినవారి ఈ-మెయిలు చిరునామాలను, దేహములో పొరపాటున వచ్చిన ఫోను నంబర్లను పుటపై మరుగుపరచవలెను. లేనిచో వ్యాపార ప్రకటనలు పంపు యంత్రములు వాటిని ఏరుకొనును. వ్యక్తిగత విషయము తొలగింపుమని ఎవరైన కోరినచో విను మార్గమును, ఏది తొలగింపవచ్చునో నిర్ణయించు నియమమును ముందే ప్రకటింపవలెను.

2002లో ఆరంభమైన గ్మేన్ అను లేఖాభాండాగారపు పుటలు 2016లో కనుమరుగైనప్పుడు, వాటిని చూపిన ఉల్లేఖనములెన్నో ఒక్కసారిగా శూన్యములైనవి. నడుపువాడు ఒక్కడే అయినచో ఇట్లే జరుగును. లోర్ భాండాగారములోని లేఖలను ఎవరైనను పూర్తిగా తమ కంప్యూటరులోనికి ప్రతి తీసికొనవచ్చును. ప్రతులు ఎన్ని చోట్ల ఉన్న అంత క్షేమము.

ఉన్నత పాఠశాలలలోని విజ్ఞానసంఘములు ఈ పనిని చిన్నదిగా మొదలుపెట్టవచ్చును. ఒక సంవత్సరపు సంఘచర్చలను, ప్రయోగఫలితాలను లేఖలుగా వ్రాసికొని, ప్రతిదానికి చెదరని గుర్తు, తేదీ, దేనికి జవాబో తెలుపు సూచన ఇచ్చి, మూడుచోట్ల దాచినచో అదియే ఒక భాండాగారము. మరుసటి యేడు వచ్చు విద్యార్థులు అదే ప్రయోగమును మొదటినుండి కాక, ముందువారు ఆపినచోటినుండి సాగింపగలరు.