దగ్గు ఎలాంటిదో చెప్పండి, మందు తర్వాత

"హకీమ్ సాబ్, మంచి దగ్గు మందు ఇవ్వండి" అంటూ చాలామంది వస్తారు. నేను వెంటనే సీసా తీయను. దగ్గు పొడిదా, కఫంతోనా, ఎప్పుడు ఎక్కువ, ఎన్నాళ్లుగా అని అడుగుతాను. హోమియో వైద్యులు కూడా కదిలితే పెరిగే పొడి దగ్గుకు బ్రయోనియా, మొరిగినట్టుండే దగ్గుకు స్పాంజియా అని లక్షణం చూసే ఎంచుతారు. దగ్గును యూనానీలో 'సుఆల్' అంటారు.

పొడి దగ్గు (సుఆల్ యాబిస్): గొంతు గరగర, కఫం రాదు. బేహిదానా 3 గ్రాములు, ఉన్నాబ్ 5, సపిస్తాన్ 9 నీళ్లలో నానబెట్టి, కాచి వడగట్టి గోరువెచ్చగా తాగాలి. లఊక్ సపిస్తాన్ కొద్దికొద్దిగా నాకినా గొంతుకు హాయి.

కఫం దగ్గు (సుఆల్ రతబ్): బల్గమ్ చిక్కగా పట్టుకుంటుంది. షర్బత్ జూఫా, అతిమధురం కషాయం వాడతాం. వేడినీళ్లు తాగుతుండాలి.

రాత్రి పిల్లికూతలతో వచ్చే దగ్గు ఉబ్బసం కావచ్చు. భోంచేసి పడుకోగానే వస్తే పుల్లతేన్పుల వల్ల కావచ్చు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి వాడేవారికి ఆ మాత్ర వల్లే పొడి దగ్గు రావచ్చు. మాత్ర మీరే ఆపేయకండి, రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి.

జాగ్రత్తలు: షర్బత్, లఊక్‌లలో చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవారు అడిగి వాడాలి. బీపీ ఉన్నవారు, గర్భిణులు అతిమధురం మానాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు.

ఒక పెద్దాయనను కొడుకు తీసుకొచ్చాడు. రెండు నెలల దగ్గు, ఇంట్లో మూడు సీసాల షర్బత్ అయిపోయింది. "సాయంత్రం జ్వరం వస్తోందా, చాచా?" అన్నాను. "వస్తోంది బేటా, కుర్తా కూడా వదులైంది" అన్నారు. మందు ఇవ్వకుండా సర్కారు ఆస్పత్రికి పంపాను. కళ్లె పరీక్షలో టీబీ తేలింది. ఆరు నెలలు మందులు మింగి కోలుకున్నారు. ఆయన పక్కనే పడుకునే మనవలకూ పరీక్షలు చేయించారు.

అందుకే చెబుతున్నాను. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష, టీబీ మందులు ఉచితం. రక్తం పడినా, ఆయాసం వచ్చినా, బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా ఆ రోజే వెళ్లండి. అక్కడ మా జోషాందా గానీ, హోమియో గుళికలు గానీ పనికిరావు.